ఏడాదికోసారి కొండెక్కితే చాలదా? కదలని ఒంటి లెక్కలు

పోయిన మాఘమాసంలో మేనత్తతో, ఆమె కొడుకుతో కలిసి అలిపిరి మెట్లదారిన తిరుమలకు బయల్దేరాను. అత్తకు 63 ఏళ్లు. చంద్రగిరి దగ్గర పల్లెలో చెనిగచేలో కలుపు తీస్తూ, ఆవులకు గడ్డి మోస్తూ బతికిన మనిషి. బావకు 46. తిరుపతి గాంధీరోడ్డులో బట్టలకొట్టు. మొత్తం 3,550 మెట్లలో ఇంకా వెయ్యి కూడా కాలేదు, గాలిగోపురం చాలా పైనుంది, బావ మెట్టు మీద కూలబడ్డాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెడుతున్న ఒకావిడ వంగుతూ లేస్తూ అతన్ని దాటి పైకి వెళ్లిపోయింది.

అత్త పది మెట్ల పైనుంచి తిరిగి చూసి, "కూచోబాకరా నాయనా, కూచుంటే కాళ్లు బిగుసుకుంటాయి. నిలబడే ఊపిరి తీసుకో" అనింది. బావ చెయ్యి ఊపాడే గాని మాట పెగల్లేదు. తేరుకున్నాక నన్నడిగాడు: "ఏటా ఎక్కతానే ఉండా గదా. ఆదివారం ఆదివారం యూనివర్సిటీ గ్రౌండులో నడస్తా. మళ్లీ ఎందుకిట్లా?"

ఆ ప్రశ్న బావ ఒక్కడిదే కాదు. 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఒక అంచనా వెలువరించారు. 2022 నాటికి ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు 31 శాతం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. మనదేశంలో అది సుమారు 50 శాతం. 2000లో మన సంఖ్య 22 శాతమే. పొలం దున్నే జనం ఇంతమంది ఉన్న దేశంలో సగం మంది కదలడం లేదంటే చాలామందికి నమ్మబుద్ధి కాలేదు. ఇంకోపక్క జిమ్‌లో కుప్పకూలిన కుర్రాళ్ల వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. నడవమంటారు, నడిస్తే చాలదంటారు, ఎక్కువ చేస్తే ప్రాణానికే ముప్పంటారు. ఈ చిక్కుముడిని ఒక్కో పోగుగా విప్పుకోవాలి.

శ్రమ, వ్యాయామం, కూర్చోవడం: మూడూ వేరు

శారీరక శ్రమ అంటే కండరాలు కదిలి శక్తి ఖర్చయ్యే ఏ పనైనా. ఇల్లు ఊడ్చడం, మూట మోయడం, బస్టాండు దాకా నడవడం అన్నీ అందులోకే వస్తాయి. వ్యాయామం అందులో ఒక భాగం మాత్రమే: ఒంటి సత్తువ పెంచుకోవాలని పనిగట్టుకుని, పదేపదే చేసేది. కాబట్టి జీవితంలో ఒక్కరోజు కూడా వాకింగ్‌కు వెళ్లని మా అత్త "వ్యాయామం చేయని మనిషి" అవుతుంది గాని "శ్రమ లేని మనిషి" కాదు.

మూడోది కూర్చోవడం. మెలకువగా ఉండి, కూర్చునో వాలిపోయో, శక్తి దాదాపు ఖర్చు కాకుండా గడిపే సమయం ఇది. చాలినంత శ్రమ లేకపోవడమూ, ఎక్కువసేపు కూర్చోవడమూ ఒకటేనని అనుకుంటాం. అక్కడే తికమక మొదలవుతుంది. పొద్దున 45 నిమిషాలు చురుగ్గా నడిచి, తర్వాత తొమ్మిది గంటలు కుర్చీలో ఉండే లెక్చరర్ ఒకేసారి చురుకైన మనిషీ, ఎక్కువ కూర్చునే మనిషీ అవుతాడు. రోజంతా కొట్లో నిలబడే సేల్స్‌గాళ్లు అంతగా కూర్చోరు, కానీ ఆయాసం వచ్చేంత శ్రమా చేయరు.

శ్రమ తీవ్రతను కొలవడానికి వైద్యులు వాడే పద్ధతి తేలిక. ఊరకే కూర్చున్నప్పుడు ఒంటికి ఖర్చయ్యే శక్తిని 1 అనుకోండి. ఒకటిన్నరకు లోపు ఉంటే కూర్చోవడం కింద లెక్క. 3 నుంచి 6 రెట్ల దాకా మధ్యస్థ శ్రమ. 6 దాటితే తీవ్ర శ్రమ. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో నడిస్తే మూడున్నర రెట్లు పడుతుంది. వంటింట్లో నిలబడి కూర తాలింపు పెట్టడానికి రెండు రెట్లు.

మీటరు లేకుండానే దీన్ని తెలుసుకోవచ్చు. మధ్యస్థ శ్రమలో మనిషి మాట్లాడగలడు, పాడలేడు. తీవ్ర శ్రమలో రెండు మూడు మాటలకొకసారి ఆగి ఊపిరి పీల్చుకోవాలి. మెట్లదారిలో ఇది చెవులకే తెలిసిపోతుంది. "ఏడుకొండలవాడా వెంకటరమణా, గోవిందా గోవింద" అని ఒక్క ఊపిరిలో అనగలిగి, అన్నమయ్య కీర్తన మాత్రం అందుకోలేకపోతే అది మధ్యస్థం. "ఏడుకొండలవాడా" దగ్గరే ఊపిరి తెగిపోతే తీవ్రం. ఆరోజు అత్తకు మధ్యస్థమైన మెట్టే బావకు తీవ్రం. మెట్టు ఒకటే, ఒళ్లు వేరు.

బట్టలకొట్టు బావ వారం లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలి. లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ. రెండూ కలిపి కూడా లెక్కేసుకోవచ్చు. దీనికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని ఉండాలి. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు. పాత మార్గదర్శకాల్లో శ్రమ ఒక్కసారికి పది నిమిషాలైనా ఉంటేనే లెక్క అనేవారు. 2020లో ఆ షరతు తీసేశారు. రెండు నిమిషాలు మెట్లెక్కినా ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు బావ వారం చూద్దాం. కొట్లో పదకొండు గంటలు, అందులో తొమ్మిది గంటలు గల్లాపెట్టె ముందు. ఇల్లు కొర్లగుంటలో. రానుపోను స్కూటరే. రాత్రి రెండు గంటలు టీవీ, ఫోను. ఆదివారం గ్రౌండులో గంట నడక, అదీ స్నేహితులతో ఆగి ఆగి, మాట్లాడుకుంటూ. నిజంగా ఊపిరి వేగం పెరిగే నడక నలభై నిమిషాలుంటుందేమో. వారానికి కావలసింది 150, ఉన్నది 40. బావ అబద్ధం చెప్పలేదు, నడుస్తున్నాడు. లెక్కకు మాత్రం చాలినంత శ్రమ లేనివాళ్లలోకే వస్తాడు.

ఇంటికీ కొట్టుకూ మధ్య దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. చురుగ్గా నడిస్తే పాతిక నిమిషాలు. రెండు పూటలకు 50, ఆరు రోజులకు 300 నిమిషాలు. అంటే వేరే సమయం వెతుక్కోకుండానే పైహద్దు అందుతుంది. కాగితం మీద ఇది చాలా సులువు. ఆ దారిన నడవాలనుకునే మనిషికి మాత్రం ఫుట్‌పాత్ మీద తోపుడుబండ్లు, రోడ్డు మీద ఆటోలు, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, రాత్రి కొట్టు కట్టేశాక వీధికుక్కలు ఎదురవుతాయి. కదలకపోవడాన్ని బద్ధకమని తేల్చేయడం నాకు అన్యాయంగా అనిపించేది ఇక్కడే. ఆడవాళ్ల విషయంలో ఇంకా. 2022 అంచనాలో మనదేశంలో చాలినంత శ్రమ లేని మగవాళ్లు 42 శాతమైతే ఆడవాళ్లు 57 శాతం. రుబ్బురోలు పోయి గ్రైండరు, బానకాడ బట్టలుతుకుడు పోయి మిషను వచ్చాయి. వాటితో పోయిన శ్రమకు బదులుగా బయటికొచ్చి నడవడానికి కావలసిన గంట సమయమూ, భయంలేని వీధీ మాత్రం రాలేదు.

కదలకపోతే లోపల జరిగేది

మన ఒంట్లో కండరాలు ఎముకల్ని కదిపే తాళ్లు మాత్రమే కాదు. అన్నం తిన్నాక రక్తంలోకి చేరే గ్లూకోజులో పెద్ద వాటాను దాచుకునే గాదె కూడా అవే. ఆ గాదె తలుపుకు మామూలుగా ఇన్సులిన్ తాళంచెవి. కూర్చుని కూర్చుని ఉన్నప్పుడు కండరం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. తలుపు సరిగా తెరుచుకోదు, గ్లూకోజు రక్తంలోనే తిరుగుతుంది, క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ పంపుతుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే ఒకరోజు రిపోర్టులో షుగర్ బయటపడుతుంది.

కండరం ముడుచుకుని సాగుతున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ లేకుండానే ఆ తలుపు తెరుచుకుంటుంది. గ్లూకోజును లోపలికి మోసే వాహకాలు కండరకణం లోపలినుంచి పైపొరకు వాటంతటవే కదిలి వస్తాయి. ఇన్సులిన్ పనితీరు మందగించినవాళ్లలోనూ ఈ రెండో దారి పనిచేస్తుంది. భోజనం చేసి పది పదిహేను నిమిషాలు నడిస్తే షుగర్ అంతగా ఎగబాకకపోవడానికి కారణం ఇదే. నడక ఆపాక కూడా కండరం ఇన్సులిన్‌కు కొంతకాలం బాగా స్పందిస్తుంది. ఆ కొంతకాలం ఎంత? ఒకటి నుంచి రెండు రోజులు, మహా అయితే మూడు. తర్వాత మళ్లీ మొదటికే.

బావ ప్రశ్నకు జవాబులో సగం ఈ ఒక్క ముక్కలో ఉంది. ఒళ్లు కొవ్వును దాచుకుంటుంది గాని శ్రమను దాచుకోదు. ఏడాదికోసారి ఎక్కిన కొండ ఫలం, షుగర్ విషయంలో, వారం తిరక్కుండానే ఖర్చయిపోతుంది. ఆదివారం నడిచిన గంట మేలు బుధవారానికి ఉండదు.

మిగతా సగం గుండెలో ఉంది. అలవాటున్న గుండె ఒక్కో కొట్టుకూ ఎక్కువ రక్తం తోస్తుంది, అందుకే తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. అలవాటు లేని గుండె అదే మెట్టుకు ఎక్కువసార్లు కొట్టుకోవాలి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో 20 ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకుల్ని మూడు వారాలపాటు మంచం దిగనివ్వకుండా ఉంచి పరీక్షించారు. గట్టిగా శ్రమించినప్పుడు ఒళ్లు ప్రాణవాయువును వాడుకోగల శక్తి వాళ్లలో పావువంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత, వాళ్లకు 50 వచ్చాక, అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే తేలిందేమిటంటే, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువ. ఆ తర్వాత ఆరు నెలలు క్రమంగా నడక, పరుగు, సైకిలు చేయిస్తే 20 ఏళ్ల నాటి మొదటి కొలతకు దాదాపుగా తిరిగి వచ్చారు. ఐదుగురి మీద చేసిన చిన్న ప్రయోగమే. అయినా 46 ఏళ్ల బావకు నేను మొదట చెప్పింది దీని గురించే.

పిక్కల కండరాలు కిందినుంచి రక్తాన్ని గుండెకు తోసే పంపులాంటివి. గంటలకొద్దీ కదలకపోతే కాళ్లు నీరు పట్టడం అందువల్లే. వాడని కండరం కరుగుతుంది, బరువు మోయని ఎముక పలచబడుతుంది. పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు కూడా కదలికలేమితో సంబంధం ఉందని పలు దేశాల లెక్కలు చెబుతున్నాయి. క్రమంగా శ్రమ చేసేవాళ్లకు నిద్ర బాగా పట్టడం, మనసులోని దిగులు తగ్గడం కూడా ప్రయోగాల్లో కనబడ్డవే.

బస్సు డ్రైవరు, కండక్టరు: సంబంధం వేరు, కారణం వేరు

ఈ శాస్త్రానికి పునాది ఒక బస్సులో పడింది. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బంది ఆరోగ్యాన్ని పోల్చాడు. డ్రైవరు రోజంతా సీట్లో. కండక్టరు రోజంతా మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టాలి. గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువ, కండక్టర్లలో తక్కువ. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే జీవనం.

కదలిక వల్లే ఈ తేడా అని చెప్పేయొచ్చా? మోరిస్ తానే ఇంకో కోణం వెతికాడు. సిబ్బందికి కుట్టించే యూనిఫాం కొలతలు తీస్తే డ్రైవర్ల నడుము చుట్టుకొలత ముందునుంచే ఎక్కువని తేలింది. అంటే లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్ల పనికి చేరి ఉండొచ్చు. ఈ అనుమానం ఈనాటికీ ఇలాంటి అధ్యయనాలన్నిటినీ వెంటాడుతుంది. కదలనందువల్ల జబ్బు వచ్చిందా, లోపల జబ్బు మొదలైనందువల్ల కదలడం తగ్గిందా? నడిచేవాళ్లు ఎక్కువకాలం బతుకుతారనే లెక్కల్లో ఎంత భాగం నడకది, ఎంత భాగం పుట్టుకతో వచ్చిన ఒంటితీరుది అనే దానిమీద పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదనలో పస ఉంది.

అయితే కొన్ని విషయాలు లాటరీ పద్ధతిలో మనుషుల్ని రెండు గుంపులుగా విడదీసి పరీక్షించాక తేలినవి. వాటిలో ఒకటి మన పక్కనే, చెన్నైలో జరిగింది. షుగర్ అంచున ఉన్న 531 మందిని గుంపులు చేసి మూడేళ్లు చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. ఆహారం మార్చుకుని రోజూ చురుగ్గా నడిచినవాళ్లలో, మామూలు సలహాతో వదిలేసినవాళ్లతో పోలిస్తే, షుగర్ రావడం 28.5 శాతం తగ్గింది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్న గుంపులో తగ్గుదల 26.4 శాతం. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం మనదేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైగా, అంచున ఉన్నవాళ్లు 13 కోట్లకు పైగా. రోజూ నడక, పళ్లెంలో మార్పు కలిసి మాత్రతో సమానంగా నిలబడ్డాయన్నది ఈ 13 కోట్ల మందికి చిన్న మాట కాదు.

పదివేల అడుగుల సంఖ్య ఎక్కడినుంచి వచ్చింది

ఫోన్లూ చేతివాచీలూ రోజుకు 10,000 అడుగులు అడుగుతాయి. ఈ సంఖ్య వైద్యుల నుంచి వచ్చింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరే "మాన్పోకే", అంటే పదివేల అడుగుల మీటరు. గుర్తుండిపోయే గుండ్రని సంఖ్య కాబట్టి ప్రపంచమంతా పాకింది.

నిజంగా ఎన్ని అడుగులు కావాలి? 2019లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. ఆ మేలు 7,500 దాకా పెరిగి అక్కడ నిలకడ పడింది. తైవాన్‌లో నాలుగు లక్షలకు పైగా జనాన్ని గమనించిన అధ్యయనం 2011లో వచ్చింది. రోజుకు 15 నిమిషాల మధ్యస్థ శ్రమ చేసేవాళ్లలో, ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే, మరణాలు 14 శాతం తక్కువ.

ఈ లెక్కలన్నీ ఒకే ఆకారం చూపిస్తాయి. అది మన కొండదారి లాగే ఉంటుంది. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా నిట్టనిలువు, ఆపైన చాలా దూరం చదును. మేలులో ఎక్కువ భాగం మొదటి మెట్లలోనే దొరుకుతుంది. సున్నా నుంచి పావుగంటకు వెళ్లిన మనిషికి దక్కేది, గంట నుంచి గంటంపావుకు వెళ్లినవాడికి దక్కేదాని కన్నా చాలా ఎక్కువ. 10,000 అందలేదని మొత్తానికే మానేసిన వాళ్లను నేను చూశాను. ఆ గుండ్రని సంఖ్య చేసే హాని అదే.

పొద్దున నడిచి రోజంతా కూర్చుంటే

"కూర్చోవడం సిగరెట్ తాగడంతో సమానం" అనే మాట బాగా ప్రచారంలో ఉంది. అది అతిశయం. ఎక్కువసేపు కూర్చోవడం వల్ల పెరిగే ముప్పు కన్నా పొగాకు ముప్పు ఎన్నో రెట్లు పెద్దది. ఆ పోలిక నమ్మి సిగరెట్‌ను తేలిగ్గా తీసుకుంటే మిగిలేది నష్టమే.

మరి నడక కూర్చున్నదాన్ని కొట్టేస్తుందా? 2016లో పది లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ, రోజుకు 60 నుంచి 75 నిమిషాలు మధ్యస్థ శ్రమ చేసేవాళ్లలో ఎనిమిది గంటలకు పైగా కూర్చున్నా అదనపు మరణముప్పు కనబడలేదని చెప్పింది. 2020లో వచ్చిన మరో విశ్లేషణలో ఆ సంఖ్య 30 నుంచి 40 నిమిషాలకు దిగింది. రెండూ కొట్టుకుంటున్నట్టున్నా కారణం సూటిగానే ఉంది. మొదటిదాంట్లో జనం నోటితో చెప్పిన నిమిషాలు, రెండోదాంట్లో ఒంటికి కట్టిన యంత్రం కొలిచిన నిమిషాలు. బావ ఆదివారం గంట నడక ఎలా నలభై నిమిషాలు అయిందో ఇదీ అంతే.

గల్లాపెట్టె వదలలేనివాళ్లకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. ఇరవై నిమిషాలకోసారి లేచి రెండు నిమిషాలు అటూ ఇటూ నడిచినవాళ్లలో భోజనం తర్వాత షుగరూ ఇన్సులినూ తగ్గాయని 2012 నాటి ప్రయోగం చూపింది. బట్టలకొట్లో రెండు నిమిషాలంటే పై అరలోంచి ఓ చీరల కట్ట తీసి మడత విప్పి చూపించేంత సమయం.

కొండ మొత్తం ఎక్కినా తగ్గని బరువు

నడక మొదలుపెట్టిన రెండు నెలలకు చాలామంది మానేసేది ఇక్కడే: "ఇంత నడిచినా కిలో కూడా తగ్గలేదు."

60 కిలోల మనిషి అలిపిరి నుంచి మూడు గంటల్లో కొండెక్కాడనుకుందాం. ఊరకే కూర్చుంటే కిలో బరువుకు గంటకు దాదాపు ఒక కేలరీ ఖర్చు. ఆగినచోట్లు కలిపి సగటున దానికి ఐదు రెట్ల శ్రమ అనుకుంటే 60 కిలోలు, 5 రెట్లు, 3 గంటలు గుణిస్తే 900 కేలరీలు. ఊరకే కూర్చున్నా ఆ మూడు గంటల్లో 180 ఖర్చయ్యేవి. అవి తీసేస్తే కొండెక్కినందుకు అదనంగా ఖర్చయినవి 720. ఇక శ్రీవారి లడ్డూ. శనగపిండి, చక్కెర, నెయ్యి కలిసిన తీపి 100 గ్రాములకు 400 కేలరీలకు తక్కువుండదు. 175 గ్రాముల లడ్డూలో 700 పైనే. రెండూ నా అంచనాలే, మనిషిని బట్టి అటూ ఇటూ అవుతాయి. కానీ పోలిక నిలుస్తుంది: తొమ్మిది కిలోమీటర్ల మెట్లదారీ, ఒక్కరే తిన్న ఒక్క లడ్డూ సరిసమానం. ప్రసాదాన్ని చిటికెడు చిటికెడుగా వీధంతా పంచే మన అలవాటు ఎంత మంచిదో ఈ లెక్క చూశాక నాకు ఇంకా బాగా అర్థమైంది.

దీనికి తోడు, శ్రమ పెరిగితే ఒళ్లు ఇంకోచోట ఖర్చు తగ్గించుకుంటుందని కొందరు శాస్త్రవేత్తలు వాదిస్తున్నారు. టాంజానియాలో వేట మీద, దుంపల మీద బతికే హాడ్జా జనం రోజంతా తిరిగినా, ఒంటి పరిమాణాన్ని బట్టి చూస్తే వాళ్ల రోజువారీ ఖర్చు పట్నవాసుల ఖర్చుకు ఇంచుమించు సమానంగానే ఉందని 2012లో తేలింది. ఎంతవరకు తగ్గించుకుంటుందనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. బరువు తగ్గడానికి తిండే పెద్ద మీట అన్నదాన్ని మాత్రం ఎక్కువమంది ఒప్పుకుంటారు.

అలాగని నడక దండగ కాదు. తూకం ముల్లు కదలకపోయినా గ్లూకోజు తలుపులు తెరుచుకుంటాయి, బీపీ కొన్ని అంకెలు దిగుతుంది, కాలేయంలోనూ పొట్టలోనూ పేరుకున్న కొవ్వు తగ్గుతుంది. సన్నగా కనబడుతూనే పొట్టలో కొవ్వు మోసే ఒంటితీరు మనవాళ్లది. అందుకే తూకం కన్నా నడుం టేపు మనకు ఎక్కువ చెబుతుంది. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాల్సిన హద్దు. బావ కొట్లో రోజుకు వందసార్లు టేపు పడతాడు. తన నడుముకు పట్టి చూసుకుంది ఈమధ్యే: 98.

శ్రమలో ఆగిన గుండెలు

జిమ్‌లో, మెట్లదారిలో, బ్యాడ్మింటన్ కోర్టులో కుప్పకూలిన మనుషుల వార్తలు నిజమే. వాటిని తోసిపుచ్చకూడదు. గట్టిగా శ్రమించే ఆ కాసేపు గుండెకు ముప్పు పెరుగుతుంది. ఎవరికి ఎంత అన్నదే అసలు సంగతి. 1993లో అమెరికాలో గుండెపోటు వచ్చినవాళ్లను అడిగి చేసిన అధ్యయనం ప్రకారం, వారానికి ఒక్కసారైనా శ్రమ చేయనివాళ్లలో గట్టి శ్రమ తర్వాతి గంటలో ముప్పు మామూలు కన్నా 107 రెట్లు. వారానికి ఐదుసార్లో అంతకన్నా ఎక్కువో చేసేవాళ్లలో అది 2.4 రెట్లు.

107 అనే అంకె చూసి బెదిరిపోవద్దు. ఏ ఒక్క గంటలోనైనా గుండెపోటు వచ్చే అవకాశం చాలా చిన్నది, చిన్నదాన్ని వందతో గుణించినా చిన్నదే. మగ వైద్యుల మీద చేసిన ఇంకో అధ్యయనంలో 15 లక్షల సార్లు గట్టిగా శ్రమిస్తే అందులో ఒక్కసారి ఆకస్మిక మరణం సంభవించింది. కానీ ఏడాదంతా కూర్చుని, మొక్కు తీర్చుకోవడానికి ఒక్కరోజు 3,550 మెట్లు ఎక్కే మనిషి సరిగ్గా ఆ 107 వైపు నిలబడతాడు. కొండకు రెండో నడకదారి శ్రీవారి మెట్టు ఇంకా పొట్టి, ఇంకా నిటారు: రెండు కిలోమీటర్ల పైచిలుకులో 2,388 మెట్లు. గుండెజబ్బు, ఆస్తమా లాంటివి ఉన్నవాళ్లు నడకదారిన రావద్దని టీటీడీ చెబుతూ ఉండేది ఇందుకే. ఎదలో బిగుతు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చెమటతో కూడిన కళ్లుతిరుగుడు అలసట లక్షణాలు కావు. ఆరోజు బావ కూలబడ్డప్పుడు ఇవేమీ లేవని అడిగి తెలుసుకున్నాకే మేం ముందుకు కదిలాం.

చేనిపని చేసే అత్తకు మోకాళ్ల నొప్పులెందుకు

ఇంతవరకు చదివితే మా అత్త గెలిచినట్టే ఉంటుంది. మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. మెట్లు నిటారుగా లేచిన ఆ చోట అత్త చెయ్యి తొడమీద ఆనించుకుని, పక్కకు తిరిగి ఒక్కో మెట్టు ఎక్కింది. ఊపిరి బాగానే ఉంది, మోకాళ్లే లేవడం లేదు. ఆమెకు బీపీ కూడా ఉంది, ఐదేళ్లుగా మాత్ర వేసుకుంటోంది.

బతుకుతెరువు కోసం చేసే శ్రమ, తీరిక వేళ చేసే శ్రమ ఒంటికి ఒకే రకంగా పనిచేయకపోవచ్చని యూరప్ అధ్యయనాలు కొన్ని చెబుతున్నాయి. పొలంలో గంటల తరబడి నడుం వంచి ఒకే భంగిమలో ఉండాలి. ఒళ్లు అలసినా ఆగే వీలుండదు, ఆగితే కూలి పోతుంది. బరువెత్తి మోస్తున్నంతసేపూ బీపీ పైనే ఉంటుంది, కోలుకునే వ్యవధి దొరకదు. వ్యాయామంలో అరగంట వేగం, తర్వాత విశ్రాంతి. ఈ వాదనకు ఎదురు వాదనా బలంగానే ఉంది: కాయకష్టం చేసేవాళ్లలో పేదరికం, పొగాకు, చాలీచాలని తిండి, ఆలస్యమైన వైద్యం ఎక్కువ, వాటిని లెక్కనుంచి పూర్తిగా విడదీయలేం, తేడా అక్కడినుంచే రావచ్చు. నాకు రెండోదే ఎక్కువ సబబనిపిస్తుంది. ఏదేమైనా కూలిపని చేసే మనిషితో "మీకింక వ్యాయామం అక్కర్లేదు" అనడం తొందరపాటే. సాలు మీద సాలు నడిచినా అత్త తొడ ముందు కండరానికి కావలసిన బలం రాలేదు, ఎందుకంటే కలుపుతీతలో ఆ కండరానికి అలాంటి పని పడదు.

మెట్టెక్కేటప్పుడు మోకాటి చిప్ప మీద పడే భారం ఒంటి బరువుకు దాదాపు మూడు రెట్లు. ఆ భారాన్ని మోసేది తొడ ముందు కండరమే. అది బలహీనపడితే భారమంతా కీలు మీద పడుతుంది. మోకాళ్లు అరిగినవాళ్లు కదలకుండా ఉంటే మంచిదని మన ఇళ్లలో గట్టి నమ్మకం. వైద్యులు ఇప్పుడు దానికి తిరగేసి చెబుతున్నారు. ఆ కండరాన్ని బలపరిచే వ్యాయామం నొప్పి తగ్గిస్తుందని ఎన్నో ప్రయోగాల్లో తేలింది. మోకాళ్ల నొప్పి చికిత్సలో ఇప్పుడు మొదటి వరసలో ఉండేది అదే.

కొండ దిగిన మూడో రోజు ఇద్దరికీ ఫోన్ చేశాను. బావకు పిక్కలు ఇంకా పట్టేసే ఉన్నాయి. అలవాటు లేని కండరంలో పడిన సన్నటి చిరుగులు మానేటప్పుడు వచ్చే నొప్పి అది, రెండు మూడు రోజుల్లో పోతుంది. అత్తకు పిక్కల నొప్పి లేదు, మోకాళ్ల వాపు తగ్గలేదు. ఆ వారమే బావ ఆమెను తిరుపతిలో కీళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన రాసిన మాత్రలు పదిరోజులకే. దాంతోపాటు కుర్చీలో కూర్చుని కాలు చాపి, గాల్లో నిలిపి, మెల్లగా దించడం నేర్పించి పంపాడు, ఒక్కో కాలికి పదిసార్లు. ఈ ఆదివారం నేను వెళ్లేసరికి అత్త పంచలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కుడికాలు నేలకు సమంగా చాపి పట్టుకుంది. పాదం కొంచెం వణుకుతోంది. లెక్క తప్పకుండా ఉండడానికి ఒక్కోసారికి ఒక గోవింద అంటోంది. "ఏడు" అని నావైపు చూసి, "ఉండు, ఇంకా మూడుండాయి" అనింది.